స్టేషన్ల పాట

పోయిన వారం నర్సు లిగాయను మనం చాలా ఇరకాటమైన చోట వదిలేశాం. చేతిలో ప్లాస్టిక్ చెంచా, చెంచాలో మంచు ముక్క, ఎదురుగా మంచం మీద గిల్బర్ట్ డిజార్లే. సరస్సులో వలలు వేసి బతికిన మనిషి, ముప్పై ఆరు రోజులుగా ఊపిరి యంత్రం పుణ్యాన బతుకుతున్న మనిషి. గొంతుకు పెట్టిన కంతకు మాట వచ్చే చిన్న మూత తగిలించి మూడు రోజులే అయింది. ఆ మూడు రోజుల్లో నీళ్ళు అడగడం, టీవీని తిట్టడం తప్ప వేరే మాట ఆడనివాడు, సోమవారం పొద్దున్న కళ్ళు మూసుకుని ఉన్నట్టుండి గొణిగాడు.

"ఆల్డర్‌బీలో పాలు దించు. క్రేన్‌లేక్‌లో చేపలెక్కించు. జురావ్కాలో బామ్మకి చెయ్యూపు. టెన్‌మైల్‌లో టీ తాగు. పాప్లర్ సైడింగ్‌లో దీపం తగ్గించు..."

చెంచాలో మంచు కరిగి లిగాయ గ్లోవ్ మీద కారింది. ఆ పాట ఏ పుస్తకంలోనూ లేదు, ఏ రేడియోలోనూ రాదు. వసీల్ హవ్రిల్యుక్ అనే రైల్వే ముసలాయన, తన కూతుర్ని నిద్రపుచ్చడానికి తాను రోజూ తిరిగే లైనులోని స్టేషన్లన్నీ కలిపి కట్టుకున్న పాట అది. ఆ ఇంటి గడప దాటి బయటకు రాలేదు. వచ్చింది ఒక్కసారే. ముప్పై నాలుగు రోజుల కిందట ఇదే వార్డులో ఆయన ప్రాణం మీదికి వచ్చినప్పుడు కూతురు హల్యా దాన్ని టాబ్లెట్‌లోంచి నలభై నిమిషాలు పాడింది. ఆ నలభై నిమిషాలూ టాబ్లెట్‌ను ముసలాయన చెవి దగ్గర పట్టుకుని నిలబడింది లిగాయే. కాదు, అలా నిలబడ్డానని లిగాయ ఇన్నాళ్ళూ అనుకుంది.

"ఈ పాట ఎక్కడ విన్నావు, పెద్దాయనా?" అని ఎలాగో అడిగింది.

"నాకేం తెలుసు? చచ్చి రైలెక్కాననుకున్నా. ఎవరో ఆడపిల్ల చెవిలో ఒకటే పాట. మంచి గొంతేం కాదులే, కానీ వదల్లేదు. నేను దిగిపోదామనుకున్నప్పుడల్లా ఇంకో స్టేషన్ చెప్పేది." గిల్బర్ట్ ఒక కన్ను తెరిచాడు. "పాప్లర్ సైడింగ్ తర్వాత ఏది?"

"నాకు తెలీదు."

"అక్కడే ఏడుపు మొదలెట్టేది. ప్రతిసారీ అంతే. చివరిదేదో చెప్పనే లేదు. ముప్పై ఏళ్ళు పడవ నడిపాను, రేవు పేరు తెలియకుండా ఏ రోజూ బయల్దేరలేదు. కనుక్కుని చెప్పు, అమ్మాయ్."

కనుక్కుంటానని చెప్పి లిగాయ బయటికొచ్చింది. గౌను, గ్లోవ్స్ తీసి బుట్టలో పడేసి, చేతులు కడుక్కుని, నర్సుల బల్ల దగ్గర కంప్యూటర్ ముందు కూర్చుంది. పాత రికార్డులు తీసి చూడటానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. చూడాలని అనుకోవడానికే ముప్పై నాలుగు రోజులు పట్టింది.

ఆ రోజు తెల్లవారుజామున అయిదు ఇరవైకి రెండు మంచాలు మార్చారు. గిల్బర్ట్‌కు మూత్రపిండాలు పనిచెయ్యడం మానేశాయి. రక్తం శుభ్రం చేసే యంత్రానికి నీటి గొట్టం కావాలి, ఆ గొట్టం ఉన్నది నాలుగో గదిలో 4-ఎ మంచం పక్క గోడకు. అందుకని వసీల్‌ను 4-బికి జరిపి, గిల్బర్ట్‌ను 4-ఎలోకి తెచ్చారు. మంచాలు మార్చిన రాత్రి షిఫ్టు నర్సు మందుల చీటీ మార్చింది, మానిటర్ మీద పేరు మార్చింది, అద్దం తలుపు మీద మార్కర్‌తో రాసిన పేరు మాత్రం మార్చలేదు. పన్నెండు గంటలు నించున్న మనిషిని ఏమని అంటాం? ఫోన్ల పట్టికలో కూడా 4-ఎ హవ్రిల్యుక్ అనే ఉండిపోయింది.

అప్పటికి లిగాయ ఆ వార్డుకు వచ్చి రెండో రోజు. ఆమె ఆపరేషన్ల వార్డు మనిషి. ఇక్కడ చేతులు చాలక లాక్కొచ్చారు. మంచాల మీద అందరూ బోర్లా పడుకుని ఉన్నారు. మొహాలు వాచి, బుగ్గల నిండా టేపు, నోట్లో గొట్టం. నెరిసిన తల ఇద్దరిదీ ఒకటే, చెవికి ఆనించిన టాబ్లెట్లోంచి హల్యాకు కనిపించిందీ అదే. చేతి పట్టీ చూసుకోవాలిగా అంటారు మీరు. లిగాయ ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో పట్టీ మీద పేరు, పుట్టిన తేదీ చదవకుండా ఒక్క బిళ్ళ కూడా ఇవ్వలేదు. మందుకు పట్టీ చూడాలి, రక్తానికి పట్టీ చూడాలి, కత్తికి పట్టీ చూడాలి. పాటకు పట్టీ చూడాలని ఆమెకు ఎవరూ నేర్పలేదు.

పాట అయిపోగానే ఆమెను పక్క గదిలో ఒకరిని తిప్పడానికి పిలిచారు. ఇరవై నిమిషాల తర్వాత హవ్రిల్యుక్ పోయాడని ఎవరో చెప్పారు. లిగాయ తనే హల్యాకు ఫోన్ చేసింది. "ఆయన ఒంటరిగా పోలేదమ్మా. మీ పాట వింటూ పోయారు. జురావ్కా దగ్గర వేలు కదిపారు కూడా" అంది. వేలు కదిలిన మాట నిజమే. ఆ వేలు గిల్బర్ట్‌ది. అప్పుడు తెర అవతల, నాలుగు అడుగుల దూరంలో, వసీల్ హవ్రిల్యుక్ చెవిలో యంత్రాల కూత తప్ప ఏమీ పడలేదు.

*

కార్నీ ఫ్రీసెన్ దొరికింది సరుకుల గదిలో, గ్లోవ్స్ పెట్టెల మధ్య. ఊపిరి యంత్రాలు చూసుకునే మనిషి. ఆరడుగుల పైన ఎత్తు, పొలాల్లో పెరిగిన చేతులు, కలిసి కూర్చుని తినకూడదన్నారు కాబట్టి ఇక్కడ ఒక్కడే తలుపు వైపు వీపు పెట్టుకుని పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతున్నాడు. వార్డులో ఫిలిప్పీన్స్ నర్సులంతా లిగాయను అక్కా అంటారు. వాళ్ళను చూసి అతనూ అలాగే అలవాటు పడ్డాడు.

"గిల్బర్ట్ పాట పాడుతున్నాడు" అంది లిగాయ.

గింజలు కొరకడం ఆగింది. తల తిప్పలేదు. అది చాలు, లిగాయకు అర్థమైపోయింది.

"నీకు తెలుసు."

"తెలుసక్కా."

"ఎప్పటినుంచి?"

"ఆ రోజు సాయంత్రం నుంచే. హవ్రిల్యుక్ యంత్రం మోగుతోందని వచ్చాను. తెర సందులోంచి నువ్వు కనిపించావు, గిల్బర్ట్ చెవి దగ్గర టాబ్లెట్ పట్టుకుని. పోన్లే, ఈ ముసలాడికి కూడా ఎవరో ఫోన్ చేశారు అనుకున్నా. షిఫ్ట్ దిగేటప్పుడు నువ్వు మన షీలాతో చెప్పడం విన్నా, హవ్రిల్యుక్ పాట వింటూ పోయాడని. అప్పుడు వెలిగింది."

"వెలిగితే నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"గింజలు." అతనికే సిగ్గేసింది. "సారీ. ఏం చెప్పమంటావు అక్కా? పోయినాయన పోయాడు. ఆ పిల్ల చేతిలో మిగిలింది ఒక్కటే. చెప్పి దాన్నీ లాక్కోమంటావా?"

"నేను అబద్ధం చెప్పాను, కార్నీ. ఫోన్లో చెప్పాను, సానుభూతి కార్డు మీద కూడా రాసి పంపాను."

"తెలియక చెప్పింది అబద్ధం కాదు."

"ఇప్పుడు తెలిసింది కదా. ఈ క్షణం నుంచి అబద్ధమే."

ఫ్రీసెన్ పొట్టు గ్లాసులో ఉమ్మి, మాస్కు పైకి లాక్కున్నాడు. ఈ వార్డులో ఒక్కొక్కరికీ చావుతో ఒక్కో ఒప్పందం ఉంది. పెద్ద నర్సు షీలా, ఎవరు పోయినా అద్దం తలుపు అయిదు నిమిషాలు తెరిచి పెడుతుంది. కిటికీలు తెరుచుకోవు కాబట్టి ప్రాణం పోవడానికి ఏదో ఒక దారి ఉండాలని ఆమె పట్టు. గాలి బయటికి పోతుందని పైవాళ్ళు ఎన్నిసార్లు తిట్టినా వినదు. కుర్ర డాక్టరు టైము మాత్రం చెప్పి, బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పుకుంటాడు. కుళాయి చప్పుడు ఎందుకో అందరికీ తెలుసు, ఎవరూ అడగరు. ఫ్రీసెన్ పద్ధతి వేరు. యంత్రం ఆపే ముందు ఆ మనిషి చెవి దగ్గర వంగి వాతావరణం చెబుతాడు. బయట మైనస్ పద్దెనిమిది, ఎండ ఉంది, గాలి లేదు, అని. ప్రయాణం పోయేవాడికి మరేం చెబుతామని అతని వాదన.

లిగాయకు అదే గుర్తొచ్చింది. "హవ్రిల్యుక్‌కు చెప్పావా? వాతావరణం?"

ఫ్రీసెన్ గింజల పొట్లం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అందరికీ చెప్పాను. ఆయనకు చెప్పలేదు" అన్నాడు ఫ్రీసెన్. "నాలుగు మంచాలు ఒకేసారి మోగుతున్నాయి. నా రెండు చేతులూ యంత్రం మీదే ఉన్నాయి. మనిషి మీద ఎవరి చెయ్యీ లేదు. నిజం కావాలన్నావుగా, ఇదే నిజం. ఇది తీసుకెళ్ళి ఆ పిల్లకిస్తావా?"

లిగాయ పెట్టెల మీద కూలబడింది. ఆమె ఊళ్ళో పోయినవాళ్ళ ఆత్మ నలభై రోజులు భూమ్మీదే తిరుగుతుందంటారు. అమ్మమ్మ పోయినప్పుడు నలభై రోజులు పళ్ళెంలో ఒక ముద్ద పక్కన పెట్టేవాళ్ళు. ముప్పై నాలుగు రోజులుగా వసీల్ ఈ ఆసుపత్రి మెట్ల మీద తన పాట ఏదని వెతుక్కుంటున్నాడేమో అన్న ఆలోచన వచ్చింది ఆమెకు. పాట పక్క మంచం మీద ఉంది. ఎవరూ ఆయనకు చెప్పలేదు.

"మూడున్నరకు వస్తోంది" అంది. "హల్యా. వాళ్ళ నాన్న సామాన్ల సంచి కోసం. ఇన్నాళ్ళూ కింద గదిలో పడి ఉంది, ఎవరూ చూసుకోలేదు."

"సంచి ఇచ్చి పంపించెయ్."

"అలా పంపి ఇంటికెళ్ళి ఎలా పడుకోను?"

"మనలో ఎవరు పడుకుంటున్నారు గనుక?" ఫ్రీసెన్ లేచి తలుపు దగ్గర ఆగాడు. గొంతు తగ్గించి అన్నాడు. "ఒక్కటి తేల్చుకో అక్కా. చెప్పాలనుకునేది ఆ పిల్ల కోసమా, నీ కోసమా? నీ బరువు దించుకోవడానికైతే, దాన్ని ఆమె నెత్తిన పెట్టకు."

ఆ మాట ముల్లులా దిగింది. ఇంటికెళ్ళి అడుగుదామంటే అడగడానికి ఎవరున్నారు? ఈ వార్డుకు వచ్చినప్పటి నుంచి, జబ్బు ఇంట్లోవాళ్ళకు అంటకుండా, ఆమె నేలమాళిగలో ఉంటోంది, పైన భర్త రోమెల్, ఇద్దరు పిల్లలు. రోమెల్ పులుసు గిన్నె, అన్నం గిన్నె మెట్ల మీద పెట్టి రెండుసార్లు తలుపు కొట్టి పోతాడు. ఆ రెండు చప్పుళ్ళే కాపురం. పైన పిల్లలు నవ్వుకోవడం వినిపిస్తుంది, ఎందుకు నవ్వుతున్నారో తెలీదు. ఒంటరితనం అంటే ఏమిటో లిగాయకు ఇప్పుడు ఎవరూ చెప్పనక్కర్లేదు. అందుకే తెర అవతలి నాలుగు అడుగులు ఆమెకు అంత దూరంగా కనిపించాయి.

*

అంబులెన్సుల తలుపు పక్క ఒక చిన్న తలుపుంది. పోయినవాళ్ళ సామాన్లు అక్కడే ఇస్తారు. మూడున్నరకు మంచులో ఒక పసుపు రంగు స్కూలు బస్సు వచ్చి ఆగింది. ఖాళీ బస్సు. హల్యా దాని డ్రైవరు. నలభై అయిదేళ్ళుంటాయి, పొట్టి మనిషి, తండ్రి భుజాలు. బడి వదిలే ట్రిప్పుకు ముందు పావుగంట దొరికిందని ఇలా వచ్చింది. ఫోన్లో గొంతు వినడమే తప్ప లిగాయ ఆమెను ఎదురుగా చూడటం ఇదే మొదలు.

ఇద్దరి మధ్యా బల్ల ఉంది. బల్ల మీద సంచి. హల్యా సంచిలో చెయ్యి పెట్టి ఒక్కొక్కటీ తీసింది. పళ్ళ సెట్టు డబ్బా. కాడకు టేపు చుట్టిన కళ్ళజోడు. రైల్వే టోపీ. టోపీని మొహానికి ఆనించుకుంది.

"ఆసుపత్రి వాసనే వస్తోంది" అంది. "పోన్లెండి. సిస్టర్, మీరేనా లిగాయ? గొంతు బట్టి పెద్దావిడ అనుకున్నా."

"నేనేనమ్మా."

"మీకో మాట చెప్పాలి. ఫోన్లో చెబితే బాగుండదని ఆగాను. ఆదివారం నాన్నకి నలభయ్యో రోజు. చర్చి మూసేశారుగా, ఫాదర్ స్క్రీన్ మీదే ప్రార్థన చేస్తాడు. మా చుట్టాలు ఎక్కడెక్కడివాళ్ళో అరవై మంది దాకా ఉంటారు. మీరు రెండు నిమిషాలు మాట్లాడాలి. నాన్న ఎలా పోయాడో చెప్పాలి. వేలు కదిపాడు కదా, ఆ సంగతి." హల్యా కళ్ళు తుడుచుకుంది. "మా అమ్మ రోజూ అదే అడుగుతుంది. టీ చల్లారిపోతున్నా తాగదు, ముందు వేలు సంగతి చెప్పు అంటుంది. చెబితే తాగుతుంది. నేను చెప్పీ చెప్పీ అరిగిపోయింది సిస్టర్. చూసిన మనిషి నోట వింటే ఆవిడకి ఇంకా కొన్నాళ్ళు సరిపోతుంది."

సంచి ఇచ్చి పంపించెయ్ అన్నాడు ఫ్రీసెన్. పంపించెయ్యొచ్చు. అమ్మ టీ తాగుతుంది. అరవై మంది ఊరటపడతారు. లిగాయ ఒక్కతే మోస్తుంది, మోయడం ఆమెకు కొత్త కాదు. కానీ ఆదివారం, నలభయ్యో రోజున, ఆ ముసలాయన చివరిసారి వెనక్కి తిరిగి చూసే రోజున, అందరి ముందు నిలబడి ఆయన పాట ఆయనకే చేరిందని చెప్పాలి. వింటున్నవాళ్ళలో చేరలేదని తెలిసినవాడు ఆయనొక్కడే. ఆయన్ని అబద్ధాలకోరుని చేసినట్టే అవుతుంది. తేల్చుకోమన్నాడు కదా ఫ్రీసెన్, నీ కోసమా ఆమె కోసమా అని. రెండూ కాదని లిగాయకు అక్కడే తేలింది. ఇది వసీల్ కోసం.

"హల్యా" అంది. "కూర్చో అమ్మా."

"కుర్చీ లేదుగా" అంది హల్యా, నవ్వబోయి.

నిజమే, లేదు. అలా నిలబడే చెప్పింది లిగాయ. మంచాలు మార్చిన సంగతి, అద్దం మీద పాత పేరు, చూడని చేతి పట్టీ. దేన్నీ మెత్తబరచలేదు, ఎవరి మీదికీ తొయ్యలేదు. "పేరు అద్దం మీద చదివాను. చెయ్యి ఎత్తి చూడలేదు. చూసి ఉంటే తెలిసేది. ఆ వేలు మీ నాన్నది కాదు. మీ నాన్న తెర అవతల ఉన్నారు. పాట ఆయనకు వినిపించి ఉండదు" అంది.

హల్యా టోపీ అంచు పట్టుకుని, దాన్ని చుట్టూ తిప్పుతూ ఉండిపోయింది.

"ఆయన పక్కన ఎవరున్నారు?"

"యంత్రం చూసే అతను ఉన్నాడు. యంత్రం మీద చేతులున్నాయి. పట్టుకోవడానికి ఎవరికీ చెయ్యి ఖాళీ లేదు."

"ఎవరూ లేరన్నమాట."

"లేరమ్మా."

"నలభై నిమిషాలు" అంది హల్యా నెమ్మదిగా. "బస్సు డిపోలో, వెనక సీట్లో కూర్చుని, గొంతు పోయేదాకా... ఎవడికో పాడానా? ముక్కూ మొహం తెలియనివాడికి?" గొంతు పెరిగింది. "నువ్వు ఫోన్ చేశావు. నువ్వే నాకు వేలు సంగతి చెప్పావు, నేనడిగానా? మా అమ్మకి ఇప్పుడు ఏం చెప్పి టీ తాగించాలి?"

తప్పు నాది అని మాత్రం అంది లిగాయ. ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలో కాగితం మీద రాసి తెచ్చింది, అది బల్ల మీద పెట్టింది. హల్యా దాన్ని చూడను కూడా లేదు. సామాన్లన్నీ సంచిలో కుక్కి, తలుపు దాకా వెళ్ళి, ఆగింది.

"అతను ఉన్నాడా?"

"ఉన్నాడు."

"వాళ్ళవాళ్ళు పాడలేకపోయారా అతనికి?"

"ఎవరూ ఫోన్ చెయ్యలేదమ్మా. ముప్పై ఆరు రోజులుగా ఒక్కరు కూడా చెయ్యలేదు." లిగాయ ఆగాల్సింది, ఆగలేదు. "స్టేషన్లన్నీ వరసగా చెబుతున్నాడు. పాప్లర్ సైడింగ్ తర్వాత ఏదని పొద్దున్నుంచీ అడుగుతున్నాడు."

హల్యా మొహంలో ఏదో తెగింది. ఆ తర్వాతి స్టేషన్ వాళ్ళ ఊరు. పాటలో తండ్రి రైలు దిగి ఇంటికొచ్చేది అక్కడే. ఆ రోజు ఎన్నిసార్లు మొదలుపెట్టినా అక్కడికి వచ్చేసరికి గొంతు రాలేదు. ఆ పేరు పలికితే నాన్న దిగిపోతాడని భయపడింది.

"చెప్పను" అంది. "మిగతావన్నీ దోచుకున్నాడుగా, చాల్లే. ఆ ఒక్కటీ మా నాన్నది. ఎవడికీ ఇవ్వను."

బస్సు తలుపు మూసుకుంది. చాలాసేపు కదలలేదు. తర్వాత కదిలి, మలుపు దగ్గర ఎర్ర దీపం వెలిగించి, వెళ్ళిపోయింది. తను చలికోటు వేసుకోలేదన్న సంగతి లిగాయకు అప్పుడు గుర్తొచ్చింది.

*

పైకి వచ్చేసరికి 4-ఎ ముందు నలుగురు గౌన్లు కట్టుకుంటున్నారు.

మధ్యాహ్నం నుంచే గిల్బర్ట్‌కు జ్వరం. ఇప్పుడు ఆక్సిజన్ పడిపోతోంది. గొంతు మీది మూత తీసేసి మళ్ళీ యంత్రానికి తగిలించాలి, నిద్ర మందు ఇచ్చి బోర్లా తిప్పాలి. మూత తీస్తే మాట పోతుంది. తిరిగి వస్తుందో రాదో ఈసారి కుర్ర డాక్టరు చెప్పలేదు. బాత్రూము వైపు మాత్రం ఒకసారి చూశాడు.

గిల్బర్ట్‌కు అంతా తెలుసు. లిగాయను చూడగానే పెదాలు కదిపాడు. ఒక్కో మాటకు ఒక్కో ఊపిరి ఖర్చవుతోంది.

"కనుక్కున్నావా? తర్వాతది?"

"ఆ అమ్మాయి చెప్పనంది, పెద్దాయనా. అది వాళ్ళ నాన్న పాట. నీకు పొరపాటున వచ్చింది. పొరపాటు నాది."

ఆయన ఆలోచించాడు. చేపల మనిషి, వలలో పడింది తనదా పక్కవాడిదా అన్న తగువులు బోలెడు చూసి ఉంటాడు.

"మరి ఆ పిల్లకి... తిరిగిచ్చెయ్యాలి గదా" అన్నాడు. "వాళ్ళ నాన్నది... నా దగ్గరుంటే ఎట్టా? ఫోన్ చెయ్. వరస తప్పకుండా అప్పజెబుతా. నా పేరు చెప్పు... ఫర్లేదు. ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు."

"టైము లేదు" అన్నాడు డాక్టరు.

ఫ్రీసెన్ యంత్రం మీంచి తల ఎత్తాడు. "రెండు నిమిషాలు ఆపగలను. అంతకు మించి నా వల్ల కాదు, అక్కా."

లిగాయ టాబ్లెట్ అందుకుంది. అందుకున్నాక ఆగి, గిల్బర్ట్ కుడి చెయ్యి ఎత్తి, ప్లాస్టిక్ పట్టీని వెలుతురు వైపు తిప్పింది. పేరు చదివింది, పుట్టిన తేదీ చదివింది, పైకే చదివింది. అప్పుడు నంబరు నొక్కింది.

మోగుతోంది. నాలుగుసార్లు, అయిదుసార్లు. డాక్టరు చేతిలో మందు సిరంజి ఉంది. గిల్బర్ట్ కళ్ళు తెర మీదే ఉన్నాయి. ఆరోసారికి తెర వెలిగింది. హల్యా డ్రైవరు సీట్లో ఉంది, బస్సు ఎక్కడో రోడ్డు పక్కన ఆగి ఉంది, ఆమె వెనక ఖాళీ సీట్లు వరసగా చివరి దాకా కనిపిస్తున్నాయి. తల మీద తండ్రి టోపీ ఉంది.

"చెప్పానుగా నీకు" అంది. "ఎందుకు చేస్తున్నావు?"

లిగాయ టాబ్లెట్ మంచం వైపు తిప్పింది. గిల్బర్ట్ ఊపిరి కూడగట్టుకున్నాడు.

"ఆల్డర్‌బీలో... పాలు దించు" అన్నాడు. "క్రేన్‌లేక్‌లో... జురావ్కాలో... బామ్మకి..."

అక్కడ ఆగిపోయాడు. ఆయన దుప్పటి మీద వేలు ఒక్కటి, మెల్లగా, చెయ్యి ఊపినట్టు కదిలింది. ఆ వేలును హల్యా చూసింది. చూసి, రెండు చేతులతో నోరు మూసుకుంది.

ఫ్రీసెన్ ఇక చాలన్నట్టు తల ఊపాడు. అతని చెయ్యి మూత మీదికి వెళ్ళింది. హల్యా నోటి మీది చేతులు తీసి, వీపు నిటారుగా పెట్టి, ముక్కు ఎగబీల్చి, పిల్లల్ని అదిలించే బస్సు డ్రైవరు గొంతుతో అంది.

"ఆగండి. ముందు ఆయన చేతి పట్టీ నాకు చూపించండి."